బ్లీచింగ్ వేసినం, క్లోరిన్ ఏది?

వానకాలం మొదలైంది. మానేరు ఒడ్డున ఒక ఊరు ఉందనుకుందాం. ఊరి నడుమ నీళ్ళ ట్యాంకు ఉంది. అందులో 40 వేల లీటర్ల నీళ్ళు పడతాయి. ఇంటింటికీ నల్లా ఉంది. ఊరి చివర, పల్లంలో ఒక వాడ ఉంది. ఆ వాడలో నాలుగు రోజుల్లో ఇద్దరు పిల్లలకు, ఒక ముసలవ్వకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పిల్ల కండ్లు లోపలికి పోయాయి. పిల్లను కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకపోయారు. గ్లూకోజు ఎక్కించారు. పిల్ల బతికింది.

ఆ వాడ ఆడవాళ్ళు ట్యాంకు దగ్గరికి పోయారు. నీళ్ళు వదిలే పిల్లగాడిని నిలదీశారు.

"ఏం తమ్మీ, నీళ్ళల్ల బ్లీచింగ్ ఏస్తున్నవా, లేదా?" అని అడిగింది సంఘం అక్క.

"ఎందుకెయ్యనక్కా! పొద్దుగాల్నే ఏసిన. గిదిగో రిజిస్టరు. తారీకు రాసిన, సంతకం పెట్టిన. మీరే సదువుండ్రి" అన్నాడు.

సంఘం అక్క రిజిస్టరు తీసుకుంది. వేలు పెట్టి వరుస వెంట చదివింది. నిజమే. రోజూ 100 గ్రాములు వేసినట్టు రాసి ఉంది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"మరి మా వాడ పిల్లలకు ఎందుకు రోగమొచ్చె?" అంది ముసలవ్వ కోడలు.

పిల్లగాడు అబద్ధం చెప్పలేదు. ఆడవాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. ట్యాంకులో బ్లీచింగ్ వేసిన మాట నిజం. చివరి వాడ నల్లాలో క్లోరిన్ లేని మాట కూడా నిజం. నడుమ అది ఎటు పోయింది? దాన్ని వెతుకుదాం.

క్లోరిన్ ఏం చేస్తుంది?

బ్లీచింగ్ పౌడర్ సున్నం, క్లోరిన్ కలిపి తయారు చేసిన పొడి. నీళ్ళలో కలిపితే అందులోని క్లోరిన్ బయటికి వస్తుంది. రోగం తెచ్చే క్రిములను చంపుతుంది. కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే క్రిములు చాలావరకు దీనికి చస్తాయి.

కలరాను మన పెద్దలు గత్తర అనేవారు. గత్తర వస్తే ఊరు విడిచి పోయేవారు. అది గాలితో వచ్చే రోగం కాదని, మురికి కలిసిన నీళ్ళతో వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు 1854లో చూపించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ అనే పట్నంలో బ్లీచింగ్ పౌడర్ ద్రావణాన్ని ఊరందరి తాగునీళ్ళలో రోజూ కలపడం మొదలుపెట్టారు. "నీళ్ళల్ల మందు కలుపుతరా?" అని అక్కడా గొడవ అయ్యింది. కోర్టుకు కూడా పోయింది. నీళ్ళు క్షేమమేనని కోర్టు ఒప్పుకుంది. ఆ తరువాత ఇతర పట్నాలు కూడా అదే దారి పట్టాయి. ఇప్పుడు మన ఊరి ట్యాంకులో వేసేదీ ఆ పొడినే.

ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. క్లోరిన్ పని చేస్తే ఖర్చయిపోతుంది. నీళ్ళలో క్రిములు, బురద, పాచి, ఆకులు, మురికి ఏది ఉన్నా క్లోరిన్ దాని మీద పడి ఖర్చవుతుంది. అన్నీ తీరినంక మిగిలిన క్లోరిన్ నీళ్ళతోపాటు నల్లా దాకా వస్తుంది. దీన్ని మిగులు క్లోరిన్ అంటారు. దారిలో కొత్తగా మురికి కలిసినా ఈ మిగులు క్లోరిన్ దాన్ని పట్టుకుంటుంది.

పదిమందికని అన్నం వండినం. ఇరవై మంది వచ్చిన్రు. చివర కూచున్నవాళ్ళకు కుండ అడుగే మిగులుతుంది. ఇంట్లో చివర తినేది ఎవరో ఆడవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. ఊరి నీళ్ళలో చివర కూచున్నది పల్లంలోని వాడ.

అందుకే "ఎంత వేశారు?" అని అడిగితే సరిపోదు. "చివరి నల్లాలో ఎంత మిగిలింది?" అని కూడా అడగాలి.

ఎంత మిగలాలి? లీటరు నీళ్ళలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన దేశంలో తాగునీటికి పెట్టిన లెక్క. ఊర్లో రోగం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. 0.2 అంటే సున్నా పాయింట్ రెండు. ఒక మిల్లీగ్రామును 10 భాగాలు చేస్తే అందులో 2 భాగాలు. 15 లీటర్ల బిందె ఉందనుకోండి. అందులో 3 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే సుమారు ఒక ఆవగింజ ఎత్తు. బిందెడు నీళ్ళకు ఆవగింజంత! అంత కొంచెం క్లోరిన్ ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. అంత కొంచెం కనుకనే తొందరగా మాయమవుతుంది కూడా.

పసుపు రంగు పరీక్ష

కంటితో చూస్తే క్లోరిన్ తెలియదు. వాసన చూస్తే సరిగా తెలియదు. దానికి ఒక చిన్న పెట్టె ఉంది. పేరు క్లోరోస్కోప్. పంచాయతీలో గాని, ఉపకేంద్రంలో గాని, ఆశా కార్యకర్త దగ్గర గాని ఉంటుంది. లేకుంటే అడగాలి.

పెట్టెలో గాజు గొట్టం, మందు సీసా, రంగుల పట్టీ ఉంటాయి. నల్లా తిప్పి కొంచెంసేపు నీళ్ళు పోనివ్వాలి. తరువాత గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టాలి. పెట్టె మీద రాసినన్ని చుక్కల మందు వేయాలి. కలపాలి. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి. ఎక్కువ ఉంటే ముదురు పసుపు. తక్కువ ఉంటే లేత పసుపు. లేకుంటే రంగే రాదు. వచ్చిన రంగును పట్టీలోని రంగుల పక్కన పెట్టి అంకె చదవాలి. మందు వేసిన వెంటనే, పది సెకన్ల లోపలే చదవాలి. ఆలస్యం చేస్తే మురికితో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపుతుంది. ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది.

కొత్త పెట్టెల్లో వేరే మందు వస్తోంది. దానితో గులాబి రంగు వస్తుంది. చదివే తీరు అదే. పరీక్ష చేసిన నీళ్ళను తాగవద్దు. ఆ మందు మంచిది కాదు. చేతికి అంటితే కడుక్కోవాలి.

మందు పాతదైతే నీళ్ళలో క్లోరిన్ ఉన్నా రంగు రాదు. అనుమానం ఉంటే ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు బ్లీచింగ్ కలిపి చూడండి. కనీసం ఆరంజి రంగన్నా రావాలి. రాకుంటే ముందు మందు సీసా మార్చండి. తరువాతే ఊరి మీద తప్పు మోపండి.

మన కథలోని ఊర్లో ఆశా అక్క పెట్టె తెచ్చింది. ముందు చివరి వాడ నల్లా నీళ్ళు చూసింది. రంగు రాలేదు. గొట్టం తెల్లగానే ఉంది. నడి ఊర్లో చూసింది. ఉందా లేదా అన్నంత లేత రంగు. ట్యాంకు కిందనే ఉన్న నల్లాలో చూసింది. 0.2 గీత దగ్గర ఆగింది.

"ట్యాంకు కాడనే గింతే ఉంటే, మా వాడ దాక ఏమొస్తది వదినె?" అంది ముసలవ్వ కోడలు.

బాగా అడిగింది. అంటే రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి ట్యాంకు దగ్గర. ఇంకొకటి దారిలో.

సంచిలోనే సగం పోయింది

ముందు బ్లీచింగ్ సంచి చూశారు. మోటరు గదిలో మూలకు, మట్టి నేల మీద ఉంది. మూతి కట్టలేదు. గోడ నుంచి చెమ్మ వస్తోంది. పొడి గడ్డలు కట్టింది.

మంచి బ్లీచింగ్‌లో 100 పాళ్ళకు 33 పాళ్ళ దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. ఎండ, వేడి, చెమ్మ, గాలి తగిలితే అది ఎగిరిపోతుంది. పొడి మాత్రం తెల్లగా అట్లనే కనపడుతుంది. తూకం కూడా పెద్దగా మారదు. పాత పొడిలో 10 పాళ్ళే మిగిలిందనుకోండి. లెక్క చూద్దాం.

100 గ్రాముల మంచి పొడిలో 33 గ్రాముల క్లోరిన్ ఉంటుంది. 40 వేల లీటర్ల ట్యాంకులో వేస్తే లీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాములు వస్తుంది. 100 గ్రాముల పాత పొడిలో 10 గ్రాములే. లీటరుకు 0.25 వస్తుంది. నీళ్ళలోని మురికి ముందు దాన్ని తినేస్తుంది. ఇక నల్లాకు ఏం మిగులుతుంది? రిజిస్టరులో మాత్రం రెండు సార్లూ "100 గ్రాములు" అనే రాస్తారు.

అందుకే సంచి మీద తయారైన తేదీ చదవాలి. అది చదవడం ఇప్పుడు మనకు వచ్చు. సంచిని చీకటి గదిలో, చల్లగా, పొడిగా ఉంచాలి. కింద చెక్క వేయాలి. ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించి పెడితే ఇంకా మంచిది. ఎక్కువ నెలలకు సరిపడా ఒకేసారి కొనకూడదు. పొడిలో బలం ఎంత ఉందో తెలియాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు.

రెండో సంగతి సంఘం అక్క రిజిస్టరులోనే పట్టుకుంది. అదే పుస్తకంలో మోటరు నడిచిన గంటలు కూడా రాసి ఉన్నాయి. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి.

"తమ్మీ, ట్యాంకు రెండుసార్లు నింపుతున్నవు. మందు ఒక్కసారే ఏస్తున్నవు. మాపటి నీళ్ళ సంగతేంది?"

పిల్లగాడు తల గోక్కున్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఎన్నిసార్లు నింపితే అన్నిసార్లు వేయాలి.

వేసే తీరులో కూడా తేడా ఉంది. అతను పొడిని నేరుగా ట్యాంకులో చల్లుతున్నాడు. అట్లా చల్లితే సున్నం అడుగుకు పోతుంది. గడ్డలతోపాటు కొంత క్లోరిన్ కూడా అడుగునే ఉంటుంది. సరైన తీరు ఇది. ప్లాస్టిక్ బకెట్లో పొడి వేసి, కొంచెం నీళ్ళు పోసి, దోశపిండి లెక్క కలపాలి. గడ్డలు లేకుండా చేయాలి. తరువాత బకెట్ నిండా మూడు వంతులు నీళ్ళు పోసి, కట్టెతో కలిపి, పది నిమిషాలు ఉంచాలి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేట వస్తుంది. ఆ తేటలోనే క్లోరిన్ ఉంది. తేటను ట్యాంకు నిండుతున్నప్పుడు పోయాలి. నీళ్ళతోపాటు బాగా కలుస్తుంది. అడుగు సున్నాన్ని పారబోయాలి. క్లోరిన్ కలిపినంక గంటసేపు నీళ్ళు వదలకూడదు. క్రిములు చావడానికి అంత సేపు పడుతుంది.

కలిపేటప్పుడు ముక్కుకు, నోటికి కొంగు గాని రుమాలు గాని కట్టుకోవాలి. పొడి కండ్లలో పడితే మంచి నీళ్ళతో చాలాసేపు కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపవద్దు. విషపు గాలి వస్తుంది. ఊపిరి ఆడదు. ఇండ్లలో ఇట్లా కలిపి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు.

ట్యాంకు మీద "కడిగిన తేదీ" అని రాసి ఉంది. చదివితే పోయిన ఏడు దసరా ముందటి తేదీ. ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున బెత్తెడు బురద. గోడలకు పాచి. ఎంత క్లోరిన్ పోసినా ఆ బురద, ఆ పాచి తాగేస్తాయి. పైన మూత సగం పగిలి ఎండ పడుతోంది. ఎండకు కూడా క్లోరిన్ పోతుంది. కడగకుండా మందు పెంచుకుంట పోతే పైసలు దండగ.

నల్లా గుంతలు

ట్యాంకు కడిగారు. కొత్త పొడి తెచ్చారు. పొద్దున, మాపటికి తేట పోశారు. ట్యాంకు కింద 0.7 వచ్చింది. నడి ఊర్లో 0.5 వచ్చింది. చివరి వాడలో మళ్ళీ రంగు రాలేదు!

అప్పుడు పైపు వెంట నడిచారు.

ఆ వాడలో నీళ్ళు సన్నగా వస్తాయి. అందుకని ఇంటింటికీ నల్లా దగ్గర గుంత తవ్వుకున్నారు. నల్లాను గుంతలోకి దించుకున్నారు. గుంతలో దిగి బిందె నింపుకోవాలి. మన పల్లెల్లో ఇది కొత్త కాదు. తప్పు ఆ వాడ ఆడవాళ్ళది కూడా కాదు. నీళ్ళు పైకి ఎక్కకుంటే వాళ్ళు ఇంకేం చేస్తారు? కాని వాన పడితే ఆ గుంతలోకి వాకిలి నీళ్ళు, మోరి నీళ్ళు వస్తాయి. నల్లా మూతి ఆ మురికిలో మునుగుతుంది.

నీళ్ళు వస్తున్నంతసేపు భయం లేదు. లోపలి నీళ్ళు బయటికి తోస్తుంటాయి. నీళ్ళు బంద్ అయినప్పుడే ప్రమాదం. పైపులోని నీళ్ళు పల్లానికి జారిపోతాయి. పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పైపు గాలిని గుంజుకుంటుంది. గాలి దొరకని చోట, మునిగిన నల్లా మూతి నుంచి, పగిలిన జాయింటు నుంచి మురికిని గుంజుకుంటుంది. పుల్ల పెట్టి కొబ్బరి నీళ్ళు పీల్చినట్టే. తెల్లారి నీళ్ళు వదిలినప్పుడు మొదటి ధారలో ఆ మురికే బిందెలోకి వస్తుంది. ట్యాంకు నుంచి వచ్చిన మిగులు క్లోరిన్ అంతా దాని మీద ఖర్చవుతుంది. మురికి ఇంకా ఉంటుంది, క్లోరిన్ ఉండదు.

ఉన్నోళ్ళు కొందరు నల్లాకు మోటరు బిగించి నీళ్ళు గుంజుతారు. దానితో పైపులో గుంజుడు ఇంకా పెరుగుతుంది. చుట్టుపక్కల ఎక్కడ పగులు ఉంటే అక్కడి మురికి పైపులోకి వస్తుంది. మోటరు ఒక ఇంటిది, రోగం వాడంతటిది.

ఇది పల్లెల్లోనే జరుగుతుందనుకోవద్దు. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో తాగునీళ్ళలో మురికి కలిసింది. కలరా వచ్చింది. కొందరు చనిపోయారు. ఎందరో దవాఖాన పాలయ్యారు. శుద్ధి చేసి పంపిన నీళ్ళైనా చివరి మలుపులో చెడిపోతే అంతే.

ఇప్పుడు మన ఊర్లకు మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నాయి. ఈ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. నదుల, చెరువుల నీళ్ళను శుద్ధి కేంద్రంలో వడకట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. అక్కడ కలిపిన క్లోరిన్ మైళ్ళ దూరం పైపులో ప్రయాణం చేసి మన ట్యాంకుకు చేరుతుంది. ఆ ట్యాంకులో బురద ఉంటే, దానిలోనే బోరు నీళ్ళు కలిపితే, మన వాడలో గుంతలు ఉంటే ఆ శుద్ధి మన బిందె దాకా రాదు. "భగీరథ నీళ్ళు కదా" అని పరీక్ష మానకూడదు.

మన కథలోని ఆడవాళ్ళు ఏం చేశారు? గ్రామసభలో అడిగారు. "మాకు ధార ఎక్కువ రావాలె. గప్పుడే గుంతలు పూడుస్తం" అని ముసలవ్వ గట్టిగా చెప్పింది. నాయమైన మాట. గుంతలు పూడ్చమని చెప్పడం సులువు. నీళ్ళు పైకి ఎక్కాలంటే కారుతున్న జాయింట్లు అతకాలి, మోటార్లు తీయాలి, ఒక్కో వాడకు ఒక్కో వేళ నీళ్ళు వదలాలి. మోటరు తీయనన్న ఇంటితో పంచాయతీ పెద్దది అయ్యింది. నెల పట్టింది. ఆ నెల అంతా చివరి వాడ వాళ్ళు మొదటి నీళ్ళను పారబోశారు. తాగే నీళ్ళను కాగబెట్టుకున్నారు. కట్టెల ఖర్చు కూడా వాళ్ళ మీదనే పడింది.

ఆదిలాబాద్ గూడేలలో

ఆదిలాబాద్ దిక్కు ఉట్నూరు, నార్నూరు, జైనూరు గూడేలలో సంగతి వేరు. అక్కడ కొన్ని గూడేలకు వానకాలం దారి తెగుతుంది. పైపు పగిలితే, కరెంటు పోతే, మళ్ళీ చేదబాయి మీదికి, ఒర్రెలోని చెలిమె మీదికి పోవాలి.

చెలిమె నీళ్ళు బురదగా ఉంటే క్లోరిన్ వేసి లాభం లేదు. బురదే తినేస్తుంది. ముందు నీళ్ళను తేర్చాలి. పటిక గాని, చిల్లగింజ గాని వాడతారు. చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తే బురద అడుగుకు దిగుతుంది. అది పెద్దల తెలివి. కాని చిల్లగింజ బురదను దించుతుంది, క్రిములను చంపదు. తేరిన నీళ్ళను నాలుగు మడతల బట్టతో వడకట్టి, తరువాత క్లోరిన్ బిళ్ళ వేయాలి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్ళ అన్నది పొట్లం మీద ఉంటుంది. చదివి వేయాలి. అరగంట ఆగి తాగాలి. బిళ్ళలు లేకుంటే నీళ్ళను తెర్ల కాగబెట్టాలి.

చేదబాయికి ఒక మంచి ఉపాయం ఉంది. ఆదిలాబాద్‌కు దగ్గరలోనే ఉన్న నాగపూర్‌లో నీరి అనే పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు చూపిన రెండు కుండల పద్ధతి ఇది. చిన్న కుండ, దాన్ని పట్టేంత పెద్ద కుండ తీసుకోవాలి. రెండింటికీ చిటికెన వేలంత, ఒక సెంటీమీటరు రంధ్రం చేయాలి. చిన్న కుండకు పైన అంచు దగ్గర. పెద్ద కుండకు అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున. కిలో బ్లీచింగ్, రెండు కిలోల దొడ్డు ఇసుక కలిపి కొంచెం తడపాలి. దాన్ని చిన్న కుండలో రంధ్రానికి కొంచెం కిందివరకు నింపాలి. చిన్న కుండను పెద్ద కుండలో పెట్టి, పెద్ద కుండ మూతికి ప్లాస్టిక్ కాగితం కట్టాలి. తాడుతో బాయిలోకి దించాలి. నీళ్ళ పైమట్టం నుంచి కనీసం మీటరు లోతున ఉండాలి. లేకుంటే బొక్కెన తగిలి పగులుతుంది. క్లోరిన్ మెల్లమెల్లగా బయటికి వస్తుంది. సుమారు 4,500 లీటర్ల నీళ్ళున్న, రోజుకు 25, 30 బిందెలు చేదుకునే చిన్న బాయికి ఇది రెండు మూడు వారాలు పనిచేస్తుంది. ఒక్కసారి బ్లీచింగ్ పోస్తే ఒకటి రెండు రోజుల్లో ఖాళీ. రెండు కుండలైతే రోజూ కొంచెం కొంచెం వస్తూ ఉంటుంది. ఊరందరూ చేదే పెద్ద బాయికి ఇది సరిపోదు.

వాసన సంగతి

"బ్లీచింగ్ నీళ్ళతో చాయ్ మంచిగుండది" అని చాలామంది ఆ నీళ్ళు పారబోస్తారు. కొంచెం వాసన వస్తే భయం లేదు. బిందెను శుభ్రమైన బట్టతో కప్పి కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాం. అన్నిసార్లూ అది నిజం కాదు. క్లోరిన్ చెమట, మూత్రం వంటి మురికితో కలిసినప్పుడే ఘాటు వాసన, కండ్ల మంట ఎక్కువ. పట్నాల్లో ఈత కొలనులు నడిపేవాళ్ళకు ఇది తెలుసు. కొన్ని కొలనుల్లో బ్లీచింగ్ వేయరు. నీళ్ళలో ఉప్పు వేస్తారు. లీటరుకు సుమారు 3 గ్రాములు. సముద్రం నీళ్ళలో ఉన్న ఉప్పులో ఇది పదో వంతు కూడా కాదు. ఆ ఉప్పు నీళ్ళను ఒక యంత్రంలోని రేకుల నడుమ పంపి కరెంటు పెడతారు. ఉప్పు నుంచి క్లోరిన్ పుడుతుంది! మనం కూరలో వేసే ఉప్పులోనే క్లోరిన్ దాగి ఉంది.

వాళ్ళకు కూడా మన బాధే. యంత్రం నడుస్తుంది, క్లోరిన్ మాత్రం కనపడదు. వెతికితే ఏం దొరుకుతుంది? ఎండకు పోయింది. ఆకులు, పాచి తినేశాయి. జనం ఎక్కువ దిగారు. ఉప్పు తగ్గింది. రేకులకు సున్నం పట్టింది. మన బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లగా పొర పడుతుంది చూడండి, అదే సున్నం. వాళ్ళు రోజూ గొట్టంలో నీళ్ళు పట్టి రంగు చూసుకుంటారు. ఈత కొట్టే నీళ్ళకే అంత చూసుకుంటే, పిల్లలు తాగే నీళ్ళకు ఎంత చూసుకోవాలి?

ఇంట్లో

నల్లాలో 0.2 వచ్చినా ఇంట్లో చెడగొట్టుకోవచ్చు. గోళెం కడగకుండా పాత నీళ్ళ మీదనే కొత్త నీళ్ళు పోస్తే క్లోరిన్ పోతుంది. చెయ్యి ముంచితే క్రిములు చేరతాయి. పొడుగు పిడి గరిటెతో ముంచాలి, లేదా అడుగున నల్లా ఉన్న పాత్ర వాడాలి. నిన్నటి నీళ్ళలో మిగులు క్లోరిన్ ఉందని నమ్మరాదు.

చాలా ఇండ్లలో ఇప్పుడు 20 లీటర్ల క్యాన్లలో ఫిల్టర్ నీళ్ళు కొంటున్నారు. ఫిల్టర్‌లో క్లోరిన్ కూడా పోతుంది. ఆ నీళ్ళకు కాపలా లేదు. క్యాను మురికిగా ఉంటే, రోజుల తరబడి ఉంచితే అవి కూడా చెడిపోతాయి. ఇంకొక మాట. క్లోరిన్ క్రిములనే చంపుతుంది. ఫ్లోరైడ్‌ను తీయదు. ఫ్లోరైడ్ ఉన్న బోరులో ఎంత బ్లీచింగ్ వేసినా ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు.

ఇన్ని చేసినా ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆగవద్దు. ఓఆర్ఎస్ పొట్లం కలిపి పట్టాలి. పొట్లం లేకుంటే లీటరు శుభ్రమైన నీళ్ళలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు కొలకొల కాకుండా సమంగా తీసి కలపాలి. కొంచెం కొంచెంగా పడుతూనే ఉండాలి. పసిపిల్లకు తల్లిపాలు ఆపవద్దు. కండ్లు లోపలికి పోతే, మూత్రం బంద్ అయితే, పిల్ల మెతకబడితే వెంటనే దవాఖానకు తీసుకపోవాలి.

మీ బాయి లెక్క

దర్జీ టేపు తీసుకోండి. బాయి మూతి అడ్డం కొలవండి. తాడుకు రాయి కట్టి దించి, తాడు ఎంత తడిసిందో కొలవండి. అది నీళ్ళ లోతు. రెండూ మీటర్లలో రాయండి. 100 సెంటీమీటర్లు ఒక మీటరు.

అడ్డాన్ని అడ్డంతోనే గుణించండి. దాన్ని లోతుతో గుణించండి. వచ్చినదాన్ని 785తో గుణించండి. గుండ్రటి బాయిలో ఎన్ని లీటర్లు ఉన్నాయో వస్తుంది.

అడ్డం 2 మీటర్లు, లోతు 3 మీటర్లు అనుకోండి. 2 × 2 = 4. 4 × 3 = 12. 12 × 785 = 9,420 లీటర్లు.

తేట నీళ్ళకు, మంచి పొడి అయితే, వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములతో మొదలుపెట్టాలి. ఈ బాయికి సుమారు 24 గ్రాములు. కలిపి, తేటను బొక్కెనలో పోసి, బాయిలో ముంచి పైకి కిందికి ఆడించాలి. గంట తరువాత రంగు చూడాలి. 0.5 రాకుంటే ఇంకొంచెం కలిపి, మళ్ళీ గంట ఆగి చూడాలి. రాత్రి వేస్తే ఎండ తగలదు, చేదేవాళ్ళు కూడా ఉండరు.

ఇప్పుడు మీరు చేయండి. ఒక బాయి అడ్డం 3 మీటర్లు, నీళ్ళ లోతు 4 మీటర్లు. అందులో ఎన్ని లీటర్లు ఉన్నాయి? ఎన్ని గ్రాముల బ్లీచింగ్ కావాలి? రిజిస్టరులో రాసేటప్పుడు మూడు గడులు గీయండి. ఒక గడిలో తేదీ. ఒక గడిలో వేసిన గ్రాములు. మూడో గడిలో చివరి ఇంటి నల్లా దగ్గర చూసిన అంకె.